ఒకే ఒపేరా, మూడు వీడియోలు: గ్రంథాలయ సేకరణ - ప్రదర్శనకళా విమర్శ

వ్యాస సంగ్రహం:

ప్రదర్శనకళను విమర్శించేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు, విమర్శకు ఆధారమైన ప్రదర్శన ముగిసిపోవడం. పాశ్చాత్య ఒపేరా విషయంలో వీడియో ముద్రణలు, వాటిని పౌరులకు అరువిచ్చే గ్రంథాలయాలు ఈ చిక్కును కొంతవరకు తొలగించాయి. వెర్డీ రచించిన ‘లా త్రావియాతా’ ఒపేరాకు 1982, 1994, 2005 సంవత్సరాలకు చెందిన మూడు దృశ్యరూపాలను పోల్చి, వీడియో అనేది ప్రదర్శనకు నకలు కాదనీ, అది మరొక వ్యాఖ్యానమనీ నిరూపించడం ఈ వ్యాసం ప్రధాన ఉద్దేశం. అటువంటి పోలికకు అవకాశం కల్పించే గ్రంథాలయ వ్యవస్థను, తెలుగు పద్యనాటక విమర్శకు దాని అవసరాన్ని కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఒపేరా, వీడియో, పౌర గ్రంథాలయం, లా త్రావియాతా, దర్శకత్వం, పద్యనాటకం, చింతామణి.

1. ఉపోద్ఘాతం:

కావ్యవిమర్శకుడి ముందు గ్రంథం ఉంటుంది. ఒక పద్యానికి తాను చెప్పిన అర్థం సరైనదో కాదో పాఠకుడు ఆ పుట తెరచి చూసుకోగలడు. నాటక ప్రదర్శన మీద రాసేవారికి ఈ సౌకర్యం లేదు. తెర పడిన తరువాత మిగిలేవి ప్రేక్షకుల జ్ఞాపకం, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, కొన్ని ఛాయాచిత్రాలు. విమర్శకుడి మాటను ఖండించాలన్నా, బలపరచాలన్నా మరొకరి చేతిలో ఆధారం ఉండదు. అందువల్ల రంగస్థల విమర్శ చాలావరకు ప్రశంసగానో, స్మృతిగానో మిగిలిపోతూ వచ్చింది.

సంగీతం, కవిత్వం, అభినయం, చిత్రకళ, నృత్యం కలిసిన ఒపేరాకు ఈ సమస్య మరింత ఎక్కువ. సంగీతపు రాతప్రతి ఉన్నా అది వేదిక మీద ఏమి కనిపించిందో చెప్పదు. శబ్దముద్రణ ఉన్నా నటి ఎటు చూసిందో చెప్పదు. వీడియో వచ్చాకనే ఒపేరా ప్రదర్శన పదేపదే చూడదగిన, ఆపి చూడదగిన, మరొకదాని పక్కన పెట్టి చూడదగిన వస్తువుగా మారింది. అయితే వస్తువు ఉన్నంత మాత్రాన సరిపోదు. అది విమర్శకుడికీ, అతని పాఠకుడికీ సమానంగా అందాలి. ఈ రెండవ అవసరాన్ని తీర్చేది పౌర గ్రంథాలయం.

2. అరువిచ్చే ప్రతి - అక్కడే చూడవలసిన ప్రతి:

న్యూయార్క్ పౌర గ్రంథాలయానికి చెందిన ప్రదర్శనకళల గ్రంథాలయం 1965లో లింకన్ సెంటర్‌లో ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం దాని పక్కనే మెట్రోపాలిటన్ ఒపేరా కొత్త భవనం తలుపులు తెరిచింది. ఒక భవనంలో ఒపేరా పాడుతుంటే, పక్క భవనంలో ఆ ఒపేరా పుస్తకాలు, స్వరలిపి ప్రతులు, శబ్దముద్రణలు, వీడియోలు పౌరులకు అందుబాటులో ఉంటాయి. ఈ గ్రంథాలయంలో పరిశోధకులు అక్కడే కూర్చుని చూడవలసిన సేకరణ, సభ్యులు ఇంటికి తీసుకువెళ్లగలిగిన సేకరణ అని రెండు విభాగాలు ఉన్నాయి.

ఈ తేడా వెనుక హక్కులకు సంబంధించిన కారణం ఉంది. 1970లో అక్కడ నెలకొల్పిన నాటక వీడియో భాండాగారం బ్రాడ్‌వే, ఇతర వేదికల ప్రదర్శనలను స్వయంగా చిత్రీకరించి భద్రపరుస్తోంది. నటులు, రచయితలు, సాంకేతిక నిపుణుల సంఘాలతో కుదిరిన ఒప్పందాల మేరకు ఆ వీడియోలను భవనం దాటనివ్వరు. సంతలో అమ్మకానికి విడుదలైన ఒపేరా డీవీడీల విషయం వేరు. అమెరికా కాపీరైట్ చట్టంలోని 109వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా కొన్న ప్రతిని దాని యజమాని అమ్మవచ్చు, ఇవ్వవచ్చు, అరువు పెట్టవచ్చు. దాన్నే ‘మొదటి అమ్మకం’ సూత్రం అంటారు. గ్రంథాలయం డిస్కును కొంటే దానికి ఆ వస్తువు మీద యాజమాన్యం వస్తుంది. అరువిచ్చే ప్రతిసారీ ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.

ఇంటర్నెట్ ద్వారా చూపే వీడియోల్లో ఈ యాజమాన్యం ఉండదు, కాలపరిమితితో కూడిన అనుమతి మాత్రమే ఉంటుంది. న్యూయార్క్, బ్రూక్లిన్, క్వీన్స్ గ్రంథాలయాలు తమ సభ్యులకు ‘కానపీ’ అనే చలనచిత్ర సేవను ఉచితంగా అందిస్తూ వచ్చి, ఖర్చు భరించలేక 2019 జూలై 1 నుంచి నిలిపివేశాయి. ముందురోజు వరకు చూసిన చిత్రం మరునాడు ఆ మార్గంలో లేదు. బీరువాలోని డిస్కుకు ఇటువంటి ప్రమాదం లేదు. అది అరిగిపోవచ్చు, పోవచ్చు. ఒప్పందం తీరిందని మాత్రం మాయం కాదు. ఒకరు రాసిన విమర్శను పదేళ్ల తరువాత మరొకరు సరిచూడాలంటే ఈ స్థిరత్వం అవసరం.

3. ‘లా త్రావియాతా’ - రచనా నేపథ్యం:

చిన్న డ్యూమా 1848లో ప్రచురించిన నవలకు అతడే చేసిన నాటకరూపం 1852లో పారిస్‌లో ప్రదర్శితమైంది. 1847లో 23 ఏళ్ల వయసులో క్షయతో మరణించిన మారీ డ్యుప్లెసీ అనే వేశ్య జీవితం దానికి ప్రేరణ. దాని ఆధారంగా పియావే రచించిన గేయపాఠానికి వెర్డీ సంగీతం కూర్చాడు. 1853 మార్చి 6న వెనిస్‌లోని లా ఫెనీచె రంగశాలలో మొదటి ప్రదర్శన జరిగి విఫలమైంది. కొన్ని మార్పులతో 1854లో అదే నగరంలో మరొక రంగశాలలో ప్రదర్శించగా విజయం సాధించింది.

కథ సులభమైనది. పారిస్ విలాసజీవితంలో ఉన్న వియొలెత్తా అనే వేశ్యను ఆల్ఫ్రెదో అనే యువకుడు ప్రేమిస్తాడు. ఇద్దరూ పల్లెలో కాపురం పెడతారు. ఆల్ఫ్రెదో తండ్రి జెర్మోన్ వచ్చి, ఈ సంబంధం వల్ల తన కుమార్తె పెళ్లికి ఆటంకం కలుగుతోందనీ, తన కొడుకును వదిలిపెట్టమనీ కోరతాడు. ఆమె ఒప్పుకుంటుంది. కారణం తెలియని ఆల్ఫ్రెదో పదిమందిలో ఆమె పాదాల దగ్గర డబ్బు విసిరి అవమానిస్తాడు. నిజం తెలిసి తండ్రీకొడుకులు తిరిగి వచ్చేసరికి ఆమె మరణశయ్య మీద ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, వెర్డీ ఈ కథను సమకాలీన దుస్తుల్లో ప్రదర్శించాలని కోరాడు. తమ కాలపు సమాజాన్ని ప్రేక్షకులు వేదిక మీద చూసుకోవాలన్నది అతని ఆశయం. వెనిస్ అధికారులు అందుకు ఒప్పుకోక కాలాన్ని దాదాపు 1700కు వెనక్కి నెట్టారు. రెండవది, ప్రారంభ వాద్యభాగం కథకు వ్యతిరేక దిశలో నడుస్తుంది. అనేక పాయలుగా విడిపోయిన వయొలిన్లు సన్నగా వినిపించే మొదటి భాగం చివరి అంకంలోని రోగశయ్యకు చెందిన సంగీతం. ఆ తరువాత రెండవ అంకంలో ఆమె ప్రియుణ్ణి విడిచిపోతూ పాడే స్వరం వస్తుంది. దాని మీద విలాసజీవితపు అలంకారాలు చేరుతాయి. అంటే సంగీతం మరణంతో మొదలై ప్రేమ మీదుగా విందులోకి వెనుదిరిగి వస్తుంది. తెర లేవకముందే చావును వినిపించిన ఈ వాద్యభాగాన్ని ఎలా చూపాలన్నదే ప్రతి దర్శకుడికీ తొలి పరీక్ష.

4. మూడు దృశ్యరూపాలు:

4.1 జెఫిరెల్లి చలనచిత్రం (1982):

ఫ్రాంకో జెఫిరెల్లి దీన్ని రంగస్థలం మీద గాక సినిమాగా తీశాడు. తెరెసా స్ట్రాటస్ వియొలెత్తాగా, ప్లాసిదో దొమింగో ఆల్ఫ్రెదోగా, కార్నెల్ మాక్‌నీల్ జెర్మోన్‌గా నటించారు. మెట్రోపాలిటన్ ఒపేరా వాద్యబృందాన్ని జేమ్స్ లెవైన్ నిర్వహించాడు. ప్రారంభ వాద్యభాగం వినిపిస్తుండగా ముసుగులు కప్పిన సామాను, బోసిపోయిన గదులు, వస్తువులు తరలిస్తున్న పనివాళ్లు కనిపిస్తారు. గోడ మీది వియొలెత్తా చిత్రాన్ని ఒక కుర్ర పనివాడు అబ్బురంగా చూస్తాడు. రోగపీడిత అయిన ఆమె ఆ ఇంట్లో తిరుగాడుతుంది. గతం ఆమె కళ్లముందు వెలుగుతుంది. విందు మొదలవుతుంది.

ఈ కల్పన గేయపాఠంలో లేదు. అయినా సంగీతంలో ఉన్నదే. వాద్యభాగం మరణం నుంచి విందుకు వెనుదిరిగిన క్రమాన్నే దర్శకుడు దృశ్యంగా మార్చాడు. ఈ కారణంగా దీన్ని సినిమా అలవాటు కొద్దీ అతికించిన గతస్మృతిగా కొట్టివేయడం న్యాయం కాదు.

అయితే ఇదే చిత్రంలో అలంకారం అర్థాన్ని మింగిన చోట్లూ ఉన్నాయి. ఫ్లోరా ఇంటి విందులో బొల్షాయ్ నర్తకులు మాక్సిమోవా, వాసిల్యేవ్‌ల నృత్యం కనులపండువగా ఉంటుంది. కానీ ఆ దృశ్యం కథలో చేయవలసిన పని, రాబోయే అవమానానికి వాతావరణాన్ని బిగించడం. నృత్యవైభవం ఆ బిగువును సడలిస్తుంది. వెర్డీ ప్రశ్నించదలచిన సంపన్న సమాజాన్ని కెమెరా మురిపెంగా చూస్తుంది. ప్రేక్షకుడు ఆ సమాజానికి అతిథి అవుతాడు గాని సాక్షి కాడు.

4.2 కోవెంట్ గార్డెన్ ప్రదర్శన (1994):

లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో రిచర్డ్ ఎయిర్ దర్శకత్వం వహించిన ప్రదర్శన ఇది. వియొలెత్తాగా ఏంజెలా గియోర్గియు, ఆల్ఫ్రెదోగా ఫ్రాంక్ లొపార్డో, జెర్మోన్‌గా లియో నూచీ పాడారు. 82 ఏళ్ల వయసులో గియోర్గ్ షోల్తీ వాద్యబృందాన్ని నడిపించాడు. బీబీసీ రెండవ ఛానెల్ ముందుగా ప్రకటించిన కార్యక్రమాలను పక్కనపెట్టి దీన్ని ప్రసారం చేసింది. అంతవరకు విస్తృతంగా తెలియని గియోర్గియుకు ఈ ప్రసారంతో అంతర్జాతీయ ఖ్యాతి లభించింది.

కాలానుగుణమైన దుస్తులు, సంప్రదాయానుసారమైన రంగాలంకరణ ఉన్న ఈ ప్రదర్శనలో దర్శకుడి వ్యాఖ్యానం పైకి కనబడదు. దీని బలమంతా గానంలో, గానానికీ వాద్యానికీ ఉన్న సమన్వయంలో ఉంది. జెఫిరెల్లి చిత్రంలో పాటను ముందుగా ముద్రించి, నటులు దానికి తగినట్లు పెదవులు కదిపారు. ఇక్కడ పాడే శరీరమే కనిపిస్తుంది. మొదటి అంకం చివర వియొలెత్తా ఒంటరిగా పాడే సుదీర్ఘ గీతంలో ఊపిరి తీసుకోవడం, మెడ నరాలు బిగియడం, పైస్వరానికి ముందు క్షణకాలపు సన్నాహం కనిపిస్తాయి. క్షయరోగి పాత్రను ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్న గాయని పాడవలసి రావడం ఒపేరాలోని వైరుధ్యం. ముందుగా ముద్రించిన పాట ఆ వైరుధ్యాన్ని దాచిపెడుతుంది. ప్రత్యక్ష ప్రదర్శన దాన్ని బయటపెట్టి, శ్రమనే అభినయంగా మారుస్తుంది. స్వేచ్ఛగా బతుకుతానని పాడే స్త్రీ ఆ స్వేచ్ఛకు ఎంత మూల్యం చెల్లిస్తోందో ఆమె శ్వాసలో తెలుస్తుంది.

4.3 సాల్జ్‌బర్గ్ ప్రదర్శన (2005):

విల్లీ డెకర్ దర్శకత్వంలో, వోల్ఫ్‌గాంగ్ గుస్మన్ రంగాలంకరణతో సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో జరిగిన ప్రదర్శన ఇది. అన్నా నెట్రెబ్కో, రొలాందో విజసాన్, థామస్ హ్యాంప్సన్ ప్రధాన పాత్రలు. వియన్నా ఫిల్హార్మోనిక్ బృందాన్ని కార్లో రిజ్జీ నిర్వహించాడు. వేదిక మీద వంపు తిరిగిన తెల్లని గోడ, దాని వెంబడి బల్ల, ఒక పెద్ద గడియారం తప్ప దాదాపు ఏమీ లేవు. వియొలెత్తాది ఎర్రని పొట్టి దుస్తు. బృందగాయకులంతా, స్త్రీలతో సహా, నల్లని మగదుస్తుల్లో ఉంటారు. ప్రధానంగా చివరి అంకంలో పని ఉన్న వైద్యుడు గ్రెన్విల్ ఇక్కడ మొదటినుంచీ వేదిక మీద కనిపించే మృత్యువు.

ప్రారంభ వాద్యభాగాన్ని జెఫిరెల్లి స్మృతిగా చదివితే, డెకర్ దాన్ని గడువుగా చదివాడు. ఆమెకు మిగిలిన సమయం ఎంతో గడియారం చూపుతుంది. గడియారం దగ్గర కూర్చున్న వృద్ధుడి వైపు ఆమె నడవడంతో కథ ముగింపు ముందే తెలిసిపోతుంది. ఇక మిగిలిన ఉత్కంఠ ఏమి జరుగుతుందన్నదాని మీద గాక, ఎలా భరిస్తుందన్నదాని మీద నిలుస్తుంది.

నల్లదుస్తుల గుంపు ఈ ప్రదర్శనలోని అతిముఖ్యమైన ఆలోచన. ఒపేరా పాఠంలో అతిథులుగా ఉన్నవారు ఇక్కడ ఒకే చూపు గల సమూహమయ్యారు. ఫ్లోరా విందులో ఎర్రదుస్తు వేసుకున్న పురుషుడు వియొలెత్తాను అనుకరించి పరిహసిస్తాడు. జెఫిరెల్లి చిత్రంలో కనువిందైన సన్నివేశమే ఇక్కడ హింసగా మారింది. ఆల్ఫ్రెదో విసిరిన డబ్బు కూడా ఒక్క యువకుడి ఆవేశంగా కనిపించక, ఆ గుంపు నేర్పిన భాషగా తోస్తుంది. సమకాలీన దుస్తులు కావాలన్న వెర్డీ కోరికను తలచుకుంటే, రచనకు దూరంగా కనిపించే ఈ ప్రదర్శనే రచయిత ఆశయానికి దగ్గరగా ఉందని చెప్పవచ్చు.

దీనికి ఒక లోపమూ ఉంది. మొదటినుంచీ అందరూ మృత్యుగణంగా ఉంటే, జెర్మోన్ వచ్చే సన్నివేశం పలచబడుతుంది. ఆ యుగళగీతంలోని వేదన, అతడు దుర్మార్గుడు కాకపోవడంలో ఉంది. అతడు మర్యాదస్తుడు, కూతురి మేలు కోరే తండ్రి. మంచితనమే ఆమెను చంపుతుంది. ఈ సూక్ష్మతను 1994 ప్రదర్శన సంప్రదాయమార్గంలోనే ఎక్కువగా నిలిపింది.

5. కెమెరా చేసే వ్యాఖ్యానం:

ఈ మూడింటినీ పోల్చినప్పుడు, రంగస్థల ప్రదర్శనల వీడియోలు రెండింటిలోనూ రంగస్థల దర్శకుడితోపాటు మరొక వ్యాఖ్యాత ఉన్నాడని గుర్తించాలి. 1994 వీడియోకు హంఫ్రీ బర్టన్, పీటర్ మానియురా. 2005 వీడియోకు బ్రయన్ లార్జ్ దృశ్యదర్శకులు. రంగశాలలో ప్రేక్షకుడు తన ఇష్టం వచ్చిన వైపు చూస్తాడు. వీడియోలో ఎటు చూడాలో దృశ్యదర్శకుడు నిర్ణయిస్తాడు.

దీనివల్ల లాభనష్టాలు రెండూ ఉన్నాయి. భారతీయ నాట్యశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, సమీపదృశ్యం సాత్త్వికాభినయాన్ని ప్రేక్షకుడికి చేరువ చేస్తుంది. పెద్ద రంగశాలలో వెనుక వరుసకు అందని కన్నీరు, వణికే పెదవి తెర మీద అందుతాయి. అదే సమయంలో ఆహార్యానికి, వేదిక అమరికకు నష్టం జరుగుతుంది. డెకర్ ప్రదర్శనలో అర్థమంతా వియొలెత్తాకూ, గడియారానికీ, వైద్యుడికీ మధ్య ఉన్న దూరంలో ఉంది. నెట్రెబ్కో ముఖం తెరనిండా వచ్చిన ప్రతిసారీ ఆ దూరం కనబడకుండా పోతుంది. ఆ క్షణంలో వీడియో చూసేవారికి ప్రేమలో ఉన్న స్త్రీ కనిపిస్తుంది. రంగశాలలో ఉన్నవారికి ఆమె వెనుక కూర్చున్న మృత్యువు కూడా కనిపిస్తూనే ఉంటాడు. ఇవి రెండు వేర్వేరు అర్థాలు.

కాబట్టి “ఆ ప్రదర్శన చూశాను” అని వీడియో చూసినవారు అనడం పూర్తిగా సత్యం కాదు. వారు చూసింది ఆ ప్రదర్శన మీద ఒకరు చేసిన వ్యాఖ్యానాన్ని. కానీ ఈ సంగతి గుర్తించాలన్నా ఒక వీడియో సరిపోదు. ఒక్కటే చూసినవారికి అదే ‘లా త్రావియాతా’ అవుతుంది. రెండవది చూసినప్పుడు మొదటిదానిలోని ఎంపికలు తెలుస్తాయి. మూడవది చూసినప్పుడు ఎంపిక చేయనివి కూడా తెలుస్తాయి. వ్యక్తి ఎవరైనా తనకు నచ్చిన ఒక్క ముద్రణ కొనుక్కుంటాడు. తనకు నచ్చుతుందో లేదో తెలియని మిగతా రెండూ గ్రంథాలయ బీరువాలోనే పక్కపక్కన దొరుకుతాయి. ఈ విధంగా గ్రంథాలయ సేకరణ స్వయంగా ఒక విమర్శపద్ధతికి పునాది అవుతుంది.

6. తెలుగు పద్యనాటకానికి అన్వయం:

వేశ్య కథానాయికగా ఉన్న గానప్రధాన నాటకం తెలుగులోనూ ఉంది. కాళ్లకూరి నారాయణరావు రచించిన ‘చింతామణి’ వేశ్యావ్యామోహాన్ని ఖండించే సంస్కరణాశయంతో వెలువడి, పల్లెపల్లెనా ప్రదర్శితమైంది. వియొలెత్తా త్యాగంతోనూ, చింతామణి వైరాగ్యంతోనూ ‘పరిశుద్ధి’ పొందిన తరువాతే సమాజం వారిని గౌరవిస్తుంది. ఈ సామ్యం ప్రత్యేక పరిశోధనకు తగినది. ఇక్కడ చెప్పవలసినది ప్రదర్శనకు సంబంధించిన అంశం.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర చిత్రణ తమ సామాజికవర్గాన్ని కించపరుస్తోందన్న ఆర్యవైశ్యుల అభ్యంతరం దానికి నేపథ్యం. లోపం రచయిత పాఠంలో లేదనీ, ప్రదర్శనల్లో నటులు చేర్చిన మాటల్లో ఉందనీ నాటకాభిమానులు వాదించారు. ఈ వాదంలో ఏ పక్షం సరైనదో తేల్చడానికి అవసరమైన సామగ్రి ఏమిటి? ముద్రిత నాటకం ఒక్కటే చాలదు. వేర్వేరు దశాబ్దాల్లో, వేర్వేరు సమాజాలవారు చేసిన ప్రదర్శనల పూర్తి వీడియోలు, తేదీతో, స్థలంతో, నటుల పేర్లతో, ఎవరైనా చూడగలిగిన చోట ఉండాలి. అవి ఉంటే సుబ్బిశెట్టి సన్నివేశంలో పాఠం ఎంత, ప్రక్షిప్తం ఎంత అన్నది వాక్యం వాక్యం పోల్చి చెప్పవచ్చు. అవి లేనప్పుడు ఇరుపక్షాల వాదనా జ్ఞాపకాల మీదే నడుస్తుంది.

ఇంటర్నెట్‌లో పద్యనాటకాల వీడియోలు లేవని కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ప్రదర్శించారన్న వివరాలు లేకుండా, ఖండికలుగా, పద్యాల వరకే కత్తిరించి అవి తరచు కనిపిస్తాయి. పెట్టినవారు తొలగిస్తే అంతటితో సరి. గ్రామఫోన్ కాలంలో పద్యం మిగిలి అభినయం పోయినట్లే, ఇప్పుడు ఖండిక మిగిలి నాటకం పోతోంది. రాగాలాపన కోసం నటుడు ఆగినప్పుడు ఎదుటిపాత్ర ఏమి చేసింది, ‘వన్స్‌మోర్’ కేక వినబడగానే కథాగమనం ఎలా తెగి ఎలా అతుక్కుంది అన్నవి పద్యనాటక విమర్శలో మౌలిక ప్రశ్నలు. పూర్తి ప్రదర్శన లేనిదే వీటికి సమాధానం దొరకదు.

చట్టం దీనికి అడ్డు కాదు. 2012 సవరణతో భారత కాపీరైట్ చట్టంలో చేరిన 2(ఎఫ్ఏ) నిర్వచనం ప్రకారం, లాభాపేక్ష లేని గ్రంథాలయం చట్టబద్ధంగా పొందిన దృశ్యముద్రణను లాభాపేక్ష లేకుండా అరువివ్వడం వాణిజ్యపరమైన అద్దె కిందికి రాదు. గ్రంథాలయ వ్యవస్థ కూడా కొత్తగా నిర్మించవలసింది కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం నుంచి వచ్చిన జిల్లా గ్రంథాలయ సంస్థలు, ఆస్తిపన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను ఉన్నాయి. కావలసింది ప్రదర్శనను కూడా గ్రంథంగా గుర్తించే దృష్టి. నంది నాటకోత్సవాల వంటి వేదికల మీద ప్రదర్శితమయ్యే నాటకాలను, కళాకారుల అనుమతితో, వారికి తగిన పారితోషికంతో, వేదిక మొత్తం కనిపించే ఒక ముద్రణ, సమీపదృశ్యాలతో కూడిన మరొక ముద్రణగా చిత్రీకరించి జిల్లా కేంద్ర గ్రంథాలయాలకు ఇవ్వవచ్చు. రెండు ముద్రణలు ఎందుకు అవసరమో సాల్జ్‌బర్గ్ వీడియో చర్చలో చూశాం.

7. ముగింపు:

పై చర్చ ఆధారంగా తేలిన అంశాలు:

1. ఒపేరా వీడియో ప్రదర్శనకు ప్రత్యామ్నాయం కాదు. రంగస్థల దర్శకుడి వ్యాఖ్యానం మీద దృశ్యదర్శకుడు చేసిన మరొక వ్యాఖ్యానం.

2. ‘లా త్రావియాతా’ ప్రారంభ వాద్యభాగాన్ని జెఫిరెల్లి స్మృతిగా, డెకర్ గడువుగా అన్వయించారు. రెండు అన్వయాలకూ సంగీతంలోనే ఆధారం ఉంది. 1994 ప్రదర్శన గాయని శ్రమనే అర్థంగా నిలిపింది.

3. రచనకు విధేయంగా కనిపించే దృశ్యవైభవం రచయిత ఆశయానికి దూరం కావచ్చు. రచనను అతిక్రమించినట్లు కనిపించే ప్రదర్శన దానికి దగ్గర కావచ్చు. ఈ సంగతి పోలికలోనే తెలుస్తుంది.

4. ఆ పోలిక అందరికీ సాధ్యం కావాలంటే ముద్రణల మీద పౌర గ్రంథాలయానికి యాజమాన్యం, అరువిచ్చే హక్కు ఉండాలి. కాలపరిమితి గల అనుమతులు దానికి సమానం కావు.

5. తెలుగు పద్యనాటకం గురించి జరుగుతున్న వివాదాలు, విమర్శలు ఆధారసహితం కావాలంటే పూర్తి ప్రదర్శనల వీడియోలు వివరాలతో సహా జిల్లా గ్రంథాలయాల్లో చేరాలి.

నన్నయ పద్యానికి పాఠాంతరాలు వెతికి, తాళపత్రాలు పోల్చి శుద్ధప్రతిని నిర్ణయించిన సంప్రదాయం తెలుగు పరిశోధనకు ఉంది. ప్రదర్శనకు కూడా పాఠాంతరాలు ఉంటాయి. వాటిని పోల్చగల ప్రతులు చేతికి వచ్చిన రోజున రంగస్థల విమర్శ కూడా పరిష్కరణశాస్త్రమంత నిక్కచ్చిగా సాగగలదు.